సూపర్‌మార్కెట్ లైన్లో మా ఆయన

హలో… ఆ, నేనేనండీ, కొట్లోనే ఉన్నా. నూనె ప్యాకెట్లు దొరికాయా?

…మనిషికి రెండేనా? మరి బయటికొచ్చి మళ్ళీ లైన్లో నిలబడకపోయారా… నిలబడ్డారా? ఊఁ…

ఏం చేస్తామండీ. హోల్‌సేల్‌లో మనకి పడే రేటు కంటే అక్కడ అమ్మే రేటే తక్కువాయె. వాళ్ళ దగ్గర కొని వాళ్ళ మీదే పోటీకి అమ్ముతున్నాం. నవ్వొస్తోంది… నవ్వే ఓపిక లేదు గానీ.

ఒక్క నిమిషం— అగ్గిపెట్టేనా అన్నయ్యా? ఇదిగో.

…ఆ, చెప్పండి. ఎదురింటాయన. చేతినిండా ఆ సూపర్‌మార్కెట్ సంచులే. అక్కడ మర్చిపోయినవే మన బేరం.

ఏంటీ? మేనేజర్ పిలిచాడా? అయ్యో, పట్టేసుకున్నాడా… పరువు పోయిందండీ. అందరి ముందూ అరిచాడా?

…కూర్చోబెట్టాడా? టీ ఇచ్చాడా? ఎందుకూ?

మీరు… వాళ్ళ సబ్బులు సర్దారా? లైన్లో నిలబడి? ఎవరో ఆవిడ అడిగితే తీసి కూడా ఇచ్చారా! దేవుడా… మీ చేతులు ఊరుకోవు కదా.

…ఉద్యోగమా? మీకా?

వారానికో రోజు సెలవు… నెల తిరిగేసరికి జీతం… ఊఁ… వింటున్నా, చెప్పండి.

…కొట్టు మూసెయ్యాలన్నాడా.

కొట్టు మా ఆవిడ చూసుకుంటుందని చెప్పలేకపోయారా?… ఒప్పుకోడా. పోటీ వ్యాపారమా! మనం వాళ్ళకి పోటీ అని లోకంలో వాళ్ళొక్కళ్ళే అనుకుంటున్నారండీ.

…లేదు, ఏడవట్లేదు.

…సరే, ఏడుస్తున్నా. అయితే ఏం? పెళ్ళైన కొత్తలో ఈ అరలకి రంగులేసింది నేను. బాధుండదా?

కాదండీ… నా ఏడుపు విని వద్దనకండి. పొద్దున్నించీ ఈగలు తోలుకుంటున్నాను. మీరేమో ఎండలో పడి వాళ్ళ గుమ్మం చుట్టూ తిరుగుతున్నారు. ఎన్నాళ్ళిలా? ఒప్పుకోండి.

…సిగ్గెందుకు? దొంగతనానికా వెళ్తున్నారు?

మన కొట్టుకొచ్చేవాళ్ళంతా అక్కడికే వస్తారు రోజూ. కనిపిస్తే తల దించుకోకండి. ఇక్కడ పిలిచినట్టే నోరారా పిలవండి… "రండి, పిల్లలు బాగున్నారా" అని.

…ఆ. మన దగ్గర మిగిలింది ఆ పిలుపొక్కటే. ఇక అదీ అక్కడే దొరుకుతుంది వాళ్ళకి.

…పెట్టేస్తున్నానండీ.