మెడతో కొలిచిన మలుపు

"కేకు సంగతి నాకొదిలెయ్ వదినా, వ్యాను తాళాలిలా ఇయ్యి! అన్నయ్య కాలు బెణికితే ఏం, నేను లేనూ? పెళ్లి హాలు దాకా ఎనిమిది మలుపులేగా! ఒకప్పుడు ఫార్ములా కార్ల టైర్లకి గాలి కొట్టినవాణ్ణి. ఏదో చిన్న పనేలే, గొప్పలు చెప్పుకోకూడదు."

"చెప్పుకోకుండా ఉంటే గదా," అన్నాడు మూడంతస్తుల కేకు మీద క్రీము దిద్దుతున్న బేకరీ మాస్టరు.

"విను మాస్టరూ. మలుపులో కారు ఎంత స్పీడుగా పోయిందన్నది ఒక లెక్క, దాని ముక్కు సెకనుకి ఎన్ని డిగ్రీలు తిరిగిందన్నది ఇంకో లెక్క. దాన్ని కోణీయ వేగం అంటారు. అది కొలిచే మీటరు సరిగ్గా పోటీ రోజే కాలిపోయింది! ఇంజినీర్లు నెత్తిన చేతులు పెట్టుకు కూర్చున్నారు. 'అయ్యా, నా మెడ ఉందిగా!' అన్నా. వెళ్లి మలుపులో నిలబడ్డా. కారు ముక్కు ఎంత తిరిగితే నా మెడ అంత. 'సెకనుకి నలభై డిగ్రీలు!' అని కేకేశా. పాత లెక్కలు తీసి చూసుకుంటే అక్షరాలా అంతే!"

"ఊఁ, తర్వాత?" అంది వదిన, కేకు పెట్టెకి తాడు వెతుకుతూ.

"రెండో రౌండులో తొంభై. మూడో రౌండులో ఏమైందో తెలుసా? మెడ మూడు చుట్లు తిరిగేసింది! కాలరు బొత్తాం వీపు మీదికొచ్చింది. నలుగురు ఇంజినీర్లు పట్టుకుని వెనక్కి తిప్పుతూ ఒక్కో చుట్టూ పుస్తకంలో రాసుకున్నారు."

"మరి ప్రాణం పోలేదా?"

"అడ్డం రాకు మాస్టరూ! అది చూసి డ్రైవరు నా కాళ్ల మీద పడ్డాడు, 'గురువుగారూ, ఇక మీరే నడపాలి' అని. సరేనని ఎక్కా. ఎంత జోరుగా తిప్పానంటే వదినా, నా ముందర ఇంకో కారు కనబడింది. ఎవడ్రా వీడని, ఆ కార్లకి హారను ఉండదు గనక నోటితోనే కొట్టా. తీరా చూస్తే అది నా కారు వెనక భాగమే! ఊరుకుంటానా? దాన్నీ దాటేశా! ఫస్టూ నేనే, సెకండూ నేనే!"

వదిన తాళాలు గుప్పిట్లో పట్టుకుని నవ్వు బిగబట్టింది. "మరిదీ, ఇది గంటలో కొయ్యాల్సిన కేకు. విరిగితే ఇంకోటి చేసే టైము లేదు, పెళ్లివాళ్లు నా బేకరీ మొహం మళ్లీ చూడరు. అందుకే అడుగుతున్నా. వ్యాను గబుక్కున కుడికి తిరిగితే కేకు ఎటు ఒరుగుతుంది?"

"ఇది కూడా అడగాలా? కుడికే!"

మాస్టరు పగలబడి నవ్వాడు. వదిన తాళాలు మాస్టరు చేతిలో పెట్టింది.

"ఎడమకి, నాయనా! మాస్టరు నడుపుతాడు గానీ, నువ్వు వెనకాల కూర్చుని కేకు పట్టుకో. రెండు మలుపులు దాటితే నీకే తెలుస్తుంది."