ఏలు సూపించిన పొద్దు

కూర్చో ప్రీతీ, మీయమ్మ కుప్పం నుంచి వచ్చేదానికి ఇంగా టైముండాది. గేటుకు కొక్కెం ఏస్తే మీయమ్మ యాల అట్ట అరుస్తాదని అడిగితివి కదా. మీ నాయన సెప్పడు, మీయమ్మ అసలే సెప్పదు. పక్కింటిదాన్ని, నేనే సెప్పల్ల. పదహారేండ్లాయ. అదేందంటే, మీయన్న కాడ్నించి రావల్ల.

ముద్దుకృష్ణ. ఉంగరాల జుట్టు. ఏడాదికంతా అమ్మ, బువ్వ, బస్సు అన్నీ అనేవాడు. ఏడాదిన్నరకు ఒక్కొక్క మాటే పాయ. పిలిస్తే తిరగడు. మీ నాయన టమేటా బాక్సులుండాయే, అవి వరసగా పెట్టుకుంటాడు, ఎవురన్నా ఒకటి జరిపితే ఈదంతా ఇనపడేటట్టు ఏడుస్తాడు. ఏమన్నా కావాలంటే మీయమ్మ మణికట్టు పట్టుకోని, గరిటెను తీసుకపోయినట్టు తీసుకపోయి దాని మీద పెడతాడు. మొకం మాత్రం సూడడు. సాయంత్రమైతే బస్టాండుకు పిల్చకపోవల్ల. ఇంజను కొట్టుకునే సౌండంటే వానికి పానం. ఈదిలో వాళ్ళు ఊరికుంటారా? "మునీశ్వరి గ్రహణంలో కత్తిపీట పట్టిందంట" అని మీయమ్మ మీద ఒకామె. నేనేమో, "మా ఆయన నాలుగేండ్లకు మాట్లాడినాడంట, ఇప్పుడు ఆపమను సూద్దాం" అంటి. మీయమ్మ నవ్వుతాదని. నవ్వలేదు పాపం.

బెంగుళూరు డాక్టరు తావకు పోయినప్పుడు నువ్వు కడుపులో ఏడో నెల. ఆటిజం అని సెప్పినాడంట. మీయమ్మ కడుపు మీద చెయ్యి పెట్టుకోని, "సార్, మరి దీనికి?" అనిందంట. "రావచ్చు, రాకనూ పోవచ్చమ్మా. కనిపెట్టుకోని ఉండండి. పిలిస్తే తిరగతాదా, ఏడాది దాటినాక దేన్నన్నా ఏలు పెట్టి సూపించి, అమ్మ గూడా సూస్తాండాదా అని మీ మొకం తిక్కు సూస్తాదా, అది సూడండి" అన్నాడంట. ఆ మాట పట్టుకునింది సూడు, ఇంగ నిద్ర లేదు ఆయమ్మికి. నువ్వు ఆడుకుంటాంటే ఎనక నిలబడి "ప్రీతీ" అంటాది. తిరిగితివా, మళ్ళీ పిలుస్తాది. పొద్దుకు ముప్పైసార్లు. కొన్నాళ్ళకు నీకే యాసిరికొచ్చి తిరిగేది మానేస్తివి. అంతే, నా కాడికొచ్చి, "రెడ్డెమ్మక్కా, తిరగలేదక్కా, నువ్వు ఒకతూరి పిలిచి సూడు" అనింది. నువ్వు "తాత" అంటే నేను పొంగిపోయినా, ఆయమ్మి మొకం సచ్చిపోయింది. "వాడూ అన్నాడు కదక్కా. అన్నీ అన్నాడు, అన్నీ పాయ" అంటాది. నువ్వు మాట నేర్చుకున్న కొద్దీ ఆయమ్మికి బయం. లేని మాట పోదు కదా.

ఆ పొద్దు నీకు పదైదు నెలలు. మీ నాయన మదనపల్లె మార్కెట్టుకు పోయినాడు. మీయన్న ఉరుకుతాడని గేటుకు పైన, వానికి అందనంత ఎత్తులో కొక్కెం కొట్టించింటిరి. నేను చాట ఇచ్చిపోదామని వస్తి. సంకలో చాట, చేతిలో రాగుల గిన్నె. మీయమ్మ నీకు బువ్వ పెడతాండాది, వాడు బాక్సులు పెట్టుకుంటాండాడు, నువ్వు గేటు తిక్కు మొకం పెట్టుకోనుండావు. మేమిద్దరం నీ ఎదురుగా, గేటుకు ఈపు పెట్టి. అప్పుడు నువ్వు చెయ్యెత్తి ఏలు పెట్టి సూపించినావు. ఊఁ, ఊఁ అని. సూపించి, మీయమ్మ మొకం తిక్కు సూసినావు. మళ్ళీ సూపించినావు, మళ్ళీ సూసినావు.

మీయమ్మ బువ్వ గిన్నె ఆణ్ణే ఇసిరేసి నిన్ను ఎత్తుకునింది. "అక్కా సూసినావా, సూపించి నన్ను సూసిందక్కా" అని ఏడుస్తాది, నవ్వతాది, ఆ ఏలును ముద్దు పెట్టుకుంటాది. నేనూ ఏడిస్తి. ఆయమ్మి చేతిలోనించి నేను నిన్ను లాక్కుంటి, నా చేతిలోనించి ఆయమ్మి. నువ్వేమో మా బుజాల మీదనించి ఇంగా ఏలు సాపుతానే ఉండావు. ఆ ఏలును సూసినాము తల్లీ. అది యాడికి సూపిస్తాండాదో ఇద్దరిలో ఒక్కరమన్నా తిరిగి సూడలేదు.

సూసేపాటికి గేటు బార్లా ఉండాది. బాక్సుల తావ వాడు లేడు.

ఎర్ర నిక్కరు పిల్లోడు కుప్పం బస్సులో ఇంజను పక్కన కూర్చున్నాడని కండక్టరు సెప్పినాడు. పక్కనున్న ఆడామె బిడ్డనుకున్నాడంట. కుప్పంలో రైలుండాది కదా. యా రైలెక్కినాడో, ఆడికాడికి సరి. పోలీసులని, పేపరని, మీ నాయన తిరగని ఊరు లేదు. మీయమ్మ నెలకొకతూరి ఆ స్టేషనుకు పోయొస్తానే ఉండాది, ఈ పొద్దు పోయింది గూడా అందుకే. నువ్వు ఆమీద గలగలా మాట్లాడినావు, మీయమ్మ ఒక్క మాటకూ నవ్వలేదు. గేటంటావా? "వానికి పిలిచేది రాదు, తలుపు తట్టేది రాదు. మూసింటే తిరిగి ఎళ్ళిపోతాడక్కా" అంటాది.

అది కాదు నేను సెప్పొచ్చింది. "కొక్కెం నేనే మర్చిపోయి ఏసుకోలేదు" అని మీయమ్మ అందరి తావా అంటాది. పదహారేండ్లుగా అంటానే ఉండాది. ఆ పొద్దు గేట్లోకి ఆకర్న వచ్చింది నేను. కొక్కెం ఎట్లనో తీస్తి గానీ, మళ్ళీ ఏసేదానికి చేతులు కాళీ లేక గేటు కాలితో నెట్టొస్తి. ఆయమ్మి అన్నప్పుడంతా నేను పక్కనే కూర్చోని ఇంటాండాను. నోరు... నోరు రాలేదమ్మా నాకు. ఈ పొద్దన్నా మీయమ్మ రాంగానే...

ఏంది, యాడ సూపిస్తాండావు? గేటు కాడా?

ఏమ్మా మునీశ్వరీ, వస్తివా. కుప్పంలో ఎండ శానా ఉండిందా?