కొంగు దోపుకున్న పిల్ల

జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో జయశీలమ్మగారి వంటిల్లు, మధ్యాహ్నం మూడు గంటలు. బల్ల మీద మనవరాలు సూజీ లాప్‌టాప్, దాని పక్కన సంతకం పెట్టాల్సిన ఒక కాగితం, కాగితం మీద పెన్ను. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఆ పెన్నును ముట్టనంటే ముట్టనని కూర్చుంది.

“కాదన్నానుగా. ఆ పిల్ల నేను కాదు.”

“అమ్మమ్మా, ఇంకోసారి చూడు. ఇదిగో, పాజ్ చేశా. స్టూడియోలో అందరూ పొట్టి గౌన్లలో ఉన్నారు, మధ్యలో ఒక్కతే చీర. కొంగు నడుముకి దోపుకుంది, కాళ్ళకి నర్సుల తెల్ల బూట్లు.”

“ఆ బూట్లు ఆస్పత్రిలో అందరికీ ఇచ్చేవారు.”

“ఆల్జో, అయితే ఆ ఆస్పత్రిలో ఉన్నావని ఒప్పుకున్నావ్.”

“బ్రెమెన్‌లో నర్సు పని నేర్చుకున్నానని ఊరందరికీ తెలుసు. అందులో ఒప్పుకునేదేముంది? టీ తాగు, చల్లారిపోతోంది.”

“టీ తర్వాత. ఇందుకోసమే పాడర్‌బోర్న్ నుంచి అన్ని గంటలు రైల్లో కూర్చుని వచ్చా. కుర్రకారు కోసం జర్మనీ టీవీ బ్రెమెన్‌లో పెట్టిన ఆ పాటల షో చరిత్ర మీద మా ప్రొఫెసర్ వాళ్ళ ఎగ్జిబిషన్ సోమవారం. ఇవాళ నాలుగింటికల్లా పేర్లు పంపాలి. మొట్టమొదటి రోజు ఏం జరిగిందో తెలుసా? పాట మొదలవకముందే ఒక సూటాయన వచ్చి, ఈ గోల మీకు నచ్చకపోవచ్చు, కాస్త ఓర్చుకోండని పెద్దవాళ్ళకి సంజాయిషీ చెప్పుకున్నాడు.”

“తెలుసు. నేనొచ్చిన కొత్త. మా హాస్టల్ ఆవిడ ఆ ముక్క విని టీవీ కట్టేసింది.”

“ఈ క్లిప్ నెట్‌లో పెట్టి, ఈమె ఎవరని అడిగాం. నర్సాపురం నుంచి ఒకావిడ ‘నేనే’ అని ఫారం నింపి పంపింది. పేరు గిరిజ.”

“ఎవరూ?”

“గిరిజ. పంతొమ్మిది వందల అరవైల్లో బ్రెమెన్ ఆస్పత్రిలో చేశానని రాసింది.”

“బతికే ఉందా.”

“ఉంది. ఫోన్ నంబర్ కూడా ఇచ్చింది. ఏంటి అమ్మమ్మా, అలా అయిపోయావ్?”

“ఏం లేదు. గిరిజే అంటోందిగా, దాని పేరే వేసెయ్యండి. సరిపోయింది.”

“సరిపోలేదు. మొహాలు పోల్చే మా ప్రోగ్రామ్‌కి మీ ఇద్దరి పాత ఫోటోలూ చూపించా. రెండూ ఈ మొహమే అంది.”

“నీ కంప్యూటర్ కూడా మా మేట్రన్ లాంటిదే అన్నమాట.”

“అంటే?”

“ఏం లేదన్నానుగా.”

“కంప్యూటర్ సంగతి వదిలెయ్, నాకు కళ్ళున్నాయి. ఈ పిల్ల ముందు ఎడమ భుజం ఎగరేసి తర్వాత తల తిప్పుతోంది. నువ్వు ఉప్మా కలిపేటప్పుడు అచ్చం ఇలాగే. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా.”

“ఉప్మా కలిపితే భుజం కదలదేంటి?”

“వరదానం మావయ్యకి భయపడుతున్నావా? చర్చి సంఘ పెద్ద తల్లి టీవీలో గంతులేసిందంటారనా?”

“నా కొడుక్కి నేను భయపడ్డమేంటే. వాడి ముక్కు తుడిచింది నేను.”

“మరి క్రిస్మస్‌కి మమ్మల్ని డాన్స్ ఎందుకు చెయ్యనివ్వలేదు? మూడేళ్ళు అడిగాం, ఒక్కసారీ కారణం చెప్పలేదు. ఇప్పుడేమో ఆవిడ పేరు వినగానే ఏడుస్తున్నావ్.”

“ఏడవట్లేదు. అప్పట్లో ఆ షో అయిన సోమవారం పొద్దున్న మేట్రన్ నన్నూ గిరిజనీ నిలబెట్టింది.”

“ఎందుకు?”

“శనివారం తలనొప్పని చెప్పి డ్యూటీ ఎగ్గొట్టి ఆ షోకి వెళ్ళిందొకతి. మేట్రన్ టీవీలో చూసింది. చూసింది కానీ, ఇద్దరిలో ఎవరో పోల్చుకోలేకపోయింది. రెండేళ్ళు ఆవిడ వార్డులో చేశాం సూజీ. నేను పొడుగు, గిరిజ పొట్టి. నాది కోల మొహం, దానిది గుండ్రం. అయినా ‘మీలో ఎవరు’ అని అడిగింది.”

“నువ్వేమన్నావ్?”

“తల దించుకుని నా బూట్ల వంక చూశా. గిరిజ ఒక అడుగు ముందుకేసి ‘నేనే’ అంది. దానికి అసలు డాన్సే రాదు. కీర్తన పాడినా చెయ్యి కదిపేది కాదు. వారంలో ఇంటికి పంపేశారు. ఎదురుపడలేక, పెట్టె సర్దుకుంటుంటే సాయానికి కూడా వెళ్ళలేదు నేను.”

“తర్వాత ఉత్తరమైనా రాయలేదా?”

“ఏం మొహం పెట్టుకుని రాయను? ఆ రోజు నుంచి కాలు కదపలేదు, ఇంకొకర్ని కదపనివ్వలేదు. చూడు, ఇప్పుడు కూడా అదే ‘నేనే’. మళ్ళీ నన్నే కాస్తోంది.”

“సరే, ఆవిడ పేరే వేసెయ్యమంటావా?”

“వేస్తే ఊరుకోను. ఆ పెన్ను ఇలా ఇవ్వు.”

“కింద, ఈ గీత మీద.”

“సంతకం ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. పేరు పెద్దక్షరాల్లో వెయ్యమను. ‘జయశీల, నర్సు, డ్యూటీ ఎగ్గొట్టి వచ్చింది’ అని రాయమను. మొహం మసక చేస్తే మాత్రం నేనే వచ్చి అడుగుతా.”

“సంఘంలో వాళ్ళు చూస్తే?”

“చూడనీ. మీ సూటాయన లాగా నేనెవరికీ సంజాయిషీ చెప్పుకోను. చెప్పుకోవాల్సింది ఒక్క మనిషికి. ఆ నంబర్ నొక్కు.”

“స్పీకర్లో పెడుతున్నా. హలో, గిరిజ గారా అండీ? జర్మనీ నుంచి సూజీని. మా అమ్మమ్మ మాట్లాడతారు.”

“మీ అమ్మమ్మ ఎవరమ్మా?”

“గిరిజా, నేను. జయని.”

“ఏ జయ?”

“బ్రెమెన్ జయని. ఆ డాన్స్ నాదని సంతకం పెట్టేశాను. నువ్వు మళ్ళీ నా బదులు నిలబడక్కర్లేదు. ఆ రోజే చెప్పాల్సింది. నన్ను క్షమించు గిరిజా.”

“నీ బదులు ఎవరు నిలబడ్డారే? ఆవిడ అడిగిన తీరుకి నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళు కళ్ళెదురుగా తిరిగితే మనిషిని పోల్చుకోలేనిది, అలాంటి దాని దగ్గర ఉండేదేంటని నేనే పోయా. ఇక్కడ ఆస్పత్రిలో ఇరవయ్యేళ్ళు మేట్రన్‌గా చేశా జయా. ఒక్క పిల్లని ఇంకో పేరుతో పిలవలేదు.”

“మరి ఆ కాగితం మీద నువ్వే అని ఎందుకు రాశావ్?”

“నువ్వెక్కడున్నావో తెలీక. నీ డాన్స్ నాదంటే పోట్లాటకైనా వస్తావని. రెండు నెలల్నుంచి ఈ ఫోన్ పక్కనే కూర్చున్నా.”