చిప్పకేం తక్కువ?

సభకు పెద్దగా కూర్చున్న అలీ సాహెబ్ గారికి, దర్శి పెద్దలకు, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చిన నా ఈడువాళ్లకు నమస్కారం. ఈ రోజు సన్మానం అందుకున్న మన ఎముకల డాక్టరు గఫూర్ గారు ఇందాక ఇదే మైకులో ఒక మాటన్నారు: "తెలుగులో మోకాటిచిప్ప అంటే మరీ మోటు, లాటిన్‌లో పటెల్లా అంటే ఎంత హుందా!" అని. తప్పు నాయనా. హైస్కూల్లో నీకు ఇంగ్లీషు చెప్పినదాన్ని, దిద్దకుండా వదిలితే నాకు అన్నం సహించదు.

లాటిన్‌లో పటెల్లా అంటే చిన్న పళ్లెం. రోమనులు అందులో తిన్నారు, ఇంటి దేవుళ్లకు నైవేద్యమూ పెట్టారు. వైద్యులు మోకాటి మీది ఎముకను చూసి, బోర్లించిన పళ్లెంలా ఉందే అనుకుని ఆ పేరే ఖాయం చేస్తే, ఇంగ్లీషువాళ్లు ఉన్నదున్నట్టు ఎత్తుకుపోయారు. సముద్రపు రాళ్లకు అంటుకుని బతికే ఒక నత్తకు కూడా, దాని గుల్ల చూసి, శాస్త్రజ్ఞులు అదే పేరు తగిలించారు. మరి మనవాళ్లో? కొబ్బరిచిప్ప, ఆల్చిప్ప, మోకాటిచిప్ప. ఎక్కడి రోము, ఎక్కడి దర్శి! ఇద్దరి కంటికీ ఒకటే ఆకారం ఆనింది. ఇందులో మోటెవరు, హుందా ఎవరు? (నవ్వులు)

కుర్చీ వద్దమ్మా నస్రత్, కూర్చుంటే లేపడానికి మళ్లీ ఇద్దరు కావాలి.

అసలు సంగతి నేను చెబుతాను. ఈయన పెద్ద చదువు చదివొచ్చి ఇక్కడి ఆసుపత్రిలో చేరిన కొత్తలో, మిర్చి వేసే కోటేష్‌తో "నీ చిప్ప అరిగిపోయింది, మార్చాలి" అన్నారు. కోటేష్ దిగ్గున లేచి, "తెగులొచ్చి నిరుడే చిప్ప చేతికొచ్చింది, మీరింకోటి ఇస్తారా?" అని చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు. నువ్వు నవ్వకు కోటేష్, అబద్ధమా? ఆ దెబ్బకు డాక్టరు గారు పటెల్లాలోకి దిగారు. అప్పుడు మా సుబ్బరావమ్మ, "ఆ పటేలెవరు బాబూ, నా మోకాల్లో ఆయనకేం పని?" అంది. (పెద్దగా నవ్వులు)

నాకు రెండు మాటలూ తెలుసు. తెలిసీ, నా మోకాటి ఆపరేషన్‌కు రెండుసార్లు పేరిచ్చి రెండుసార్లూ ఎగ్గొట్టాను. మాట పుట్టుక తెలిస్తే భయం పోతుందనుకుంటాం గానీ, పోదు. ఈ శుక్రవారం ఆయన ఇక్కడ చివరిసారి కత్తి పడతారు. ఆ పైన ఒంగోలులో కూతురి దగ్గర ఉంటారట. వచ్చే డాక్టరు మంచివాడే కావచ్చు, కానీ నా చేత తిట్లు తిన్నవాడు కాదు గదా. మత్తు ఎక్కేముందు తిట్టుకోవడానికి నాకొక తెలిసిన మొహం ఉండాలి.

ఇందాక గుమ్మంలోనే అడిగాను, "ఏరా గఫూర్, నీ చెయ్యి వణకదు గదా?" అని.

"మీరు డిక్టేషన్ చెప్పినప్పుడు వణికిందండీ రాఘవమ్మ టీచర్ గారూ, మళ్లీ ఎప్పుడూ లేదు" అన్నాడు. (చప్పట్లు)

ఇంతసేపు నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక నిలబడలేను, సెలవు. జమీలా, ఇంటికి పోతూ మన వీధి పాలాయనకు చెప్పమ్మా, శుక్రవారం నుంచి మా ఇంట్లో పాలు పొయ్యొద్దని. మళ్లీ ఎప్పట్నుంచి పొయ్యాలో నేనే నడిచొచ్చి చెబుతానని చెప్పు.