పురుగుకి మేత

2007 డిసెంబరు, మధ్యాహ్నం మూడు దాటింది. బెజవాడలో ఓ ఆసుపత్రి. బందరు నుంచి కూతుర్ని తీసుకొచ్చిన దానమ్మను ఆడవాళ్ళ వార్డు గుమ్మంలో డాక్టర్ పద్మశ్రీ ఆపేసింది.

“టీ తాగడానికి వెళ్ళిన మనిషి పొద్దుట్నించీ రాలేదా దానమ్మగారూ?”

“వస్తాడండీ. వస్తాడు. మా తమ్ముడికి టీ పిచ్చి కాస్త ఎక్కువండీ.”

“బ్లడ్ బ్యాంకు వాళ్ళు కబురు మీద కబురు పెడుతున్నారు. మీ పిల్లది ఓ నెగటివ్ గ్రూపు. ఊరంతా వెతికితే సరిపోయింది మీ తమ్ముడు గంగాప్రసాద్ రక్తం ఒక్కటే. ఎక్కడున్నాడు?”

“మా మల్లేశ్వరి ఇందాక కళ్ళు తెరిచిందండీ. మంచినీళ్ళడిగింది.”

“నేనడిగింది మల్లేశ్వరి గురించి కాదు.”

“జ్వరం కూడా కాస్త తగ్గినట్టే...”

“తగ్గలేదమ్మా. పెరిగింది. ఒంట్లో రక్తం ఉండాల్సిన దాంట్లో మూడో వంతే ఉంది.”

“అదేనండీ నేననేది. ఉన్న ఆ కాస్తా చాలు. ఇంక ఎక్కించొద్దండీ.”

“ఏంటీ?”

“ఎక్కించొద్దు. మీ కాళ్ళు పట్టుకుంటా.”

“లేవండి. ముందు లేవండి. వద్దని ఎవరు చెప్పారు మీకు?”

“మీరేనండీ.”

“నేనా!”

“నిన్న ఐరన్ టానిక్కు సీసా లాక్కుని ఏమన్నారు? రొయ్యలొలిచే షెడ్డులో పిల్ల చేతికి రొయ్య ముల్లు గుచ్చుకున్న చోట చీము పట్టి, ఆ పురుగే రక్తంలోకి పాకిందన్నారా? ఇనుము దానికి తిండన్నారా? రక్తంలో ఇనుము తినే బతుకుతోందన్నారా?”

“అన్నాను. కానీ...”

“మరి సీసాడు రక్తం పోస్తే? చేతులారా దానికి మేత వేసినట్టు కాదండీ?”

“అయ్యో దానమ్మగారూ! నిన్న సగమే చెప్పి వెళ్ళిపోయానా నేను! ఇలా కూర్చోండి. రక్తం ఎర్రగా ఉంటుందే, ఆ ఎరుపు పేరు హీమ్. ఇనుముండేది దాంట్లోనే. పురుగు తినేదీ దాన్నే. కానీ మోతాదు మించితే అదే దానికి విషం.”

“విషమా? మరి చావదేం? దాని చుట్టూ ఉన్నదంతా రక్తమేగా!”

“అక్కడే ఉంది దాని జిత్తు. హీమ్ ఎక్కువవుతోందని పసిగట్టగానే, లోపలికొచ్చిందాన్ని బయటికి తోసేస్తుంది.”

“చిల్లుపడ్డ పడవలో నీళ్ళు తోడిపోసినట్టా?”

“అచ్చం అలాగే. పైగా ఒకసారి కొంచెం తగిలిందంటే, ఆ తర్వాత ఎక్కువొచ్చినా తోడటానికి సిద్ధంగా కూర్చుంటుంది.”

“ముదనష్టపుది! ఆ తోడే చెయ్యి విరగ్గొట్టే మందెయ్యండి మరి.”

“అది ఇంకా కనిపెట్టలేదమ్మా. వెతుకుతున్నారు.”

“మరి నా బిడ్డ?”

“పురుగుని చంపే మందు వేరే ఎక్కుతోంది. అది పనిచెయ్యడానికి టైము కావాలి. టానిక్కు కొన్నాళ్ళు ఆపినా ఫర్వాలేదు, రక్తం అలా కాదు. తోడుతోంది పురుగొక్కటే అనుకున్నారా? మల్లేశ్వరి గుండె కూడా తోడుతోంది. ఒంట్లో రక్తం లేకుండా ఎంతసేపని తోడుతుంది?”

“ఆగిపోద్దా?”

“ఆగిపోతుంది.”

“ఎప్పటికి? చెప్పండి డాక్టరమ్మా, ఎప్పటికి?”

“రేపటిదాకా ఉంటుందని చెప్పలేను.”

“అమ్మా గంగమ్మతల్లీ! ఎంత పని చేశానే...”

“ఏడవకండి. ఇంకా టైముంది. మీ తమ్ముణ్ణి పిలవండి.”

“నా రక్తం తీసుకోండి. మొత్తం తీసేసుకోండి.”

“మీది సరిపోదని నిన్నే చెప్పాం కదా. ఏ హోటల్లో ఉన్నాడో చెప్పండి, ఆయాని పంపుతా. దానమ్మగారూ? మిమ్మల్నే!”

“హోటల్లో లేడండీ. తెల్లారగట్ల బందరు బస్సెక్కాడు.”

“అయితే ఫోను చెయ్యండి! బందరెంత దూరం, సాయంత్రానికి వచ్చేస్తాడు.”

“మధ్యాహ్నం పోటుకే వాళ్ళ బోటు సముద్రంలోకి వెళ్ళిపోయుంటదండీ. అక్కడ ఫోనులు మోగవు. మళ్ళీ ఒడ్డుకొచ్చేది వారానికే.”

“మేనకోడలు ఇలా ఉంటే వదిలేసి వేటకెళ్ళాడా? ఏం మనిషండీ!”

“వాణ్ణేమీ అనకండమ్మా. రక్తమిచ్చేదాకా కదిలేది లేదని ఈ గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. ‘వేరే రక్తం దొరికింది, ఎక్కించేశారు, పిల్ల లేచి కూర్చుందిరా’ అని చెప్పి నేనే పంపించేశా. సంతోషంతో ఏడ్చుకుంటా వెళ్ళాడండీ.”