కుడిది ఒక మెట్టు కింద

ఒట్టు, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి. ఈ నల్ల ఫిలిం ఏంటనేగా అడిగావు? కిడ్నీల ఎక్స్‌రే తల్లీ. నాది కాదులే, నావి ఇప్పటికీ గుర్రాల్లా ఉన్నాయి. ఇది మా అక్క ఘనకార్యం. నీకు పెద్దమ్మమ్మ, నువ్వు పుట్టకముందే పోయింది. కిడ్నీ డాక్టర్ల పత్రిక మా వీధి ప్రెస్సులోనే అచ్చయ్యేది. అందులో బొమ్మలు పేజీల్లో అతికించే పని అక్కది. ఈ గొడవ జరిగేనాటికే పదేళ్ళలో లక్ష కిడ్నీలు అతికించింది. సరే, వెయ్యి వేసుకో. పక్క బల్ల దగ్గర కాగితాలు మడతపెట్టేదాన్ని, నా కళ్ళతో చూశాను.

ఓ రోజు మిషను తిరుగుతోంది. అక్క మొదటి కాగితం చూసి "ఆపండి!" అని అరిచింది చూడూ, మూడు వీధుల అవతల కుక్కలు లేచి నిలబడ్డాయి. "బొమ్మ తిరగబడింది. కుడిదాన్లో ఉండాల్సిన రాయి ఎడమదాన్లోకి పోయింది" అంటుంది. ఎక్స్‌రేలో మనిషి మనకెదురుగా నిలబడ్డట్టు తల్లీ, అతని కుడి మన ఎడమ. ముగ్గురు డాక్టర్లు సంతకం పెట్టిన పేజీ అది! ఇక మా ప్రెస్సువాళ్ళమా, పొద్దస్తమానం అద్దంలో బొమ్మల్లాంటి అచ్చు అక్షరాలు చూసీ చూసీ, మాకు తిరగబడ్డదే తిన్నగా కనిపించేది. మేనేజరు, బొంగురుగొంతు మనిషి, "ఏడో క్లాసు చదివిన నీకు తెలుసా, వాళ్ళకా? తప్పు లేదని తేలిందో, రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు. ఇంట్లో ఏడుగురం అక్క జీతం మీదే తింటున్నాం, నాది నా రిబ్బన్లకే చాలదు. అయినా అక్క మిషను ఆపే మీట మీంచి చెయ్యి తియ్యలేదు.

కబురందుకుని, పత్రిక నడిపే పెద్ద డాక్టరు రుసరుసలాడుతూ వచ్చాడు. ఏనుగంత మనిషి, తలుపులో పక్కకి తిరిగి దూరాడు. "ఏమ్మా, ఎలా చెప్తున్నావు?"

"కుడి కిడ్నీ ఎడమదానికన్నా ఒక మెట్టు కింద కూర్చుంటుందండీ. నేను అతికించినవన్నీ అంతే. ఇందులో ఎడమది దిగింది."

ఆయన ఈ ఫిలిమే తీసి కిటికీకి ఆనించాడు. ఇటు చూశాడు, అటు తిప్పి చూశాడు. చెమట పట్టింది, బిందెడు. "దేశమంతా డాక్టర్లు దీన్ని చూసి నేర్చుకుంటారమ్మా... నీకెవరు నేర్పారు?"

"మీ పత్రికేనండీ" అంది అక్క.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు అక్క చూడందే ఒక్క బొమ్మా అచ్చుకెళ్ళలేదు. "ఆవిడ చూశారా?" అని ఆ ఏనుగే ఫోను చేసేవాడు. ఆవిడట! మేనేజరు ఫోను పట్టుకుని లేచి నిలబడేవాడు. పత్రికలో మాత్రం అక్క పేరు ఎక్కడా వెయ్యలేదు. ఈ ఫిలిం ఒక్కటే ఆ డాక్టరు అక్క చేతికిచ్చాడు...

ఏంటలా చూస్తావు, లే. ఫ్రేములు కట్టే అతని దగ్గరికెళ్ళి దీనికి అద్దం వేయించుకురా. కట్టేదాకా పక్కనే నిలబడు. తిప్పి పెడతాడేమో, కుడిది కిందికుండాలని చెప్పు.