నల్ల మిషను వద్దు తమ్ముడూ

మా వీధిలో చెక్కపని చేసేవాళ్ళెవరూ మిషన్లని కంపెనీ పేర్లతో పిలవరు, రంగులతోనే పిలుస్తారు. పసుపుది, ఎర్రది, పచ్చది, నల్లది. ఎవరైనా కొత్త టేబుల్ రంపం కొనాలనుకుంటే ముందు దుకాణానికి పోరు, టీ కొట్టుకి వస్తారు. ఎందుకంటే టీ కొట్టు ముందు బల్లమీద మా మేస్త్రి కూర్చుని ఉంటాడు. ఆయన అడక్కపోయినా సలహా చెప్తాడు. అడిగితే ఇంక ఆపడు.

ఆ సాయంత్రం తలుపులు చేసే తమ్ముడు, వాళ్ళావిడ వచ్చారు. అతన్ని వీధంతా తమ్ముడనే అంటాం. పోయిన నెల అతని పాత మిషను చూపుడువేలి గోరు సగం పట్టుకుపోయింది, కట్టు ఇంకా విప్పలేదు. ఆవిడ ఆ రోజే తెగేసి చెప్పింది, కొంటే వేలు తగలగానే ఆగిపోయే నల్లదే కొనాలి, లేదంటే అసలు మిషనే వద్దు, ఇంకో పని చూసుకుందాం అని. తమ్ముడికేమో మేస్త్రి మాటంటే గురి. దుకాణం మూసేలోగా ఏదో ఒకటి తేలాలి. నేను పాలిష్ పనివాణ్ణి, ఆ పక్కనే టీ కోసం కూర్చున్నాను కాబట్టి మేస్త్రి మొదలెట్టిన దగ్గర్నుంచీ మొత్తం విన్నాను.

"కూర్చో తమ్ముడూ, నువ్వూ కూర్చోమ్మా చెల్లెమ్మా. బాబాయ్, మూడు టీ, నాది స్ట్రాంగు. ఏంటీ, నల్లదా? ఎవరు ఎక్కించారు నీకిది? చూడు, నేనేదో గొప్పకి చెప్పడం లేదు, నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు, అదే నా లోపం. మొదట్లో చిన్న సంగతే. మన మంచాల కాంట్రాక్టరు కొత్త మిషను కొంటానంటే తోడు వెళ్ళాను, అంతే. దుకాణంలో పసుపుది ఆన్ చేశారు. నేను ముట్టుకోలేదు, తిప్పి చూడలేదు, దూరంగా నిలబడి చెవి పెట్టి విన్నాను. విని, 'బేరింగు బాగుంది గానీ చెక్కని ఆనించే పట్టీ వెంట్రుకవాసి పక్కకి పోయింది' అన్నాను. దుకాణం యజమానికి పౌరుషం వచ్చింది. తన నెత్తిమీంచి ఒక వెంట్రుక పీకి సందులో పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా వెంట్రుకే!"

"ఆయనది బట్టతల కదయ్యా," అన్నాడు టీ కొట్టు బాబాయ్.

"అప్పుడు కాదు. ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా ఒకటి పీక్కోవాల్సి వచ్చింది, ఇప్పుడిలా మిగిలాడు. నువ్వు టీ సంగతి చూడు బాబాయ్, మధ్యలో అడ్డు రాకు. ఏమంటున్నాను? పసుపుది. పసుపుది తేలిక తమ్ముడూ, ఇంటింటికీ తిరిగి పనిచేసేవాడికి అంతకన్నా సుఖం లేదు. దాని కాళ్ళు మడిచి ఒక చంకలో పెట్టుకుని, రెండో చంకలో కాంట్రాక్టరుని పెట్టుకుని, ఆయన మేడమెట్లన్నీ ఎక్కేశాను."

"కాంట్రాక్టరుని ఎందుకు?" అన్నాడు తమ్ముడు.

"ఆయనకి మోకాళ్ళ నొప్పులు. పాపం అనిపించింది. సరే, ఎర్రది. ఎర్రది బరువు, బల్లంతా పోత ఇనుము, ఒకచోట పెడితే ఇంక కదలదు. దానిమీద నిండు గ్లాసు టీ పెట్టి మిషను నడిపితే చుక్క తొణకదు, నేను టీ తాగుతూనే కిటికీ చట్రాలు కోశాను. ఇక దాని మోటారు! మీట నొక్కితే వీధి దీపాలన్నీ ఒక్కసారి తల వంచుకున్నాయి. ఆ గాలికి ఏమైందో తెలుసా? పక్కింటి డాబామీద ఆరేసిన దుప్పట్లు లేచొచ్చి మా షెడ్డులో పడ్డాయి. ఊరికే పడ్డాయా? మడతలు పెట్టుకుని మరీ పడ్డాయి. పక్కింటావిడ ఆ రోజు నుంచీ బట్టలారేసి, 'అన్నయ్యా, మిషను ఎప్పుడు వేస్తారు' అని అడగడం మొదలెట్టింది."

తమ్ముడు నవ్వాడు. వాళ్ళావిడ నవ్వలేదు. "దుకాణం మూసేస్తారు," అంది.

"మూయరమ్మా, నేను మాట్లాడుతున్నానని తెలిస్తే ఆయన తాళం జేబులో వేసుకుని ఇక్కడికే వస్తాడు. ఇంక పచ్చది. దాని గురించి నేను చెప్పక్కర్లేదు, నా షెడ్డులో ఉన్నది పచ్చదే, వీధంతా ఎరుగుదురు."

"పచ్చ అంటే గుర్తొచ్చింది," అన్నాన్నేను, "పోయినేడు నా దగ్గర పచ్చరంగు డబ్బా పట్టుకెళ్ళావు. ఇంతవరకూ దాని అతీగతీ లేదు."

"ఇస్తానయ్యా మహానుభావా! ఇక్కడ ఒక మనిషి బతుకుతెరువు సంగతి జరుగుతుంటే నీ డబ్బా గోలేంటి? విను తమ్ముడూ. పచ్చదాని కోత ఎంత నున్నగా ఉంటుందంటే చెక్కకే తెలీదు. ఒకరింటికి భోజనాల బల్ల చేశాను, పైపలకని పొరపాటున నడిమికి కోసేశాను. కానీ కోసినట్టు తెలిస్తేగా! గీత లేదు, సందు లేదు, నాకే తెలీలేదు. తీసుకెళ్ళి ఇచ్చాను, వాళ్ళు ఏళ్ళ తరబడి దానిమీద అన్నం తిన్నారు. ఒకరోజు మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుని బల్ల నాదంటే నాదని చెరోవైపు లాగారు, చెరో ముక్క చేతికొచ్చింది. అప్పుడు తెలిసింది రెండని."

"మరి నిన్ను తిట్టలేదూ?" అన్నాడు బాబాయ్.

"ఎందుకు తిడతారు? ఒక బల్ల కొంటే రెండొచ్చాయని సంతోషించి కలిసిపోయారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ కబురు ఆ నోటా ఈ నోటా పడి కంపెనీలదాకా పోయింది. నాలుగు రంగులవాళ్ళూ కలిసి నాకోసం కారు పంపారు. వెళ్తే పెద్ద హాలు, కిందంతా తివాచీ, నేను చెప్పులు బయట వదిలేసి వెళ్ళాను. నాలుగు మిషన్లు వరసగా పెట్టారు. 'మేస్త్రిగారూ, మేం కొట్టుకు చస్తున్నాం, ఏది గొప్పదో మీరే తేల్చాలి' అన్నారు. నేను వద్దన్నాను. నాకెందుకొచ్చిన గొడవ అన్నాను. కాళ్ళు పట్టుకున్నారు, ఏం చేస్తాను? సరే, ఒక టేకు పలక తెమ్మన్నాను. 'పల్చగా కోస్తాను చూడండి' అన్నాను. మొదటి పొర కాగితమంత వచ్చింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. 'ఆగండి' అన్నాను. రెండోది ఉల్లిపొర. 'ఆగండి' అన్నాను. మూడో పొర కోశాను తమ్ముడూ, అది ఎంత పల్చగా వచ్చిందంటే దానికి ఒక పక్కే ఉంది. రెండో పక్కకి చోటు చాల్లేదు!"

బాబాయ్ టీ వడకట్టడం ఆపేశాడు. "ఒక పక్కేనా?"

"ఒక పక్కే. తిప్పి చూస్తే ఏమీ కనపడదు. ఎవడో వెనక తుమ్మాడు, ఆ పొర లేచి కిటికీలోంచి పైకి పోయింది, పోయి విచ్చుకుంది, ఊరంతా మబ్బేసిందని జనం గొడుగులు పట్టుకుని తిరిగారు. సరే, అది అలా ఉంచు. అప్పుడు లేచాడు నల్ల కంపెనీ ఆయన. మెడలో టై, చేతిలో పచ్చి కోడి కాలు. అది తిన్నగా తీసుకెళ్ళి తిరుగుతున్న బ్లేడుకి ఆనించాడు. టక్! అంతే, రెప్ప వేసి తెరిచేలోగా బ్లేడు ఆగిపోయింది. కింద ఓ అల్యూమినియం దిమ్మ ఉంటుంది, ఒళ్ళు తగిలితే చాలు, అది లేచి బ్లేడు పళ్ళని కరిచి పట్టుకుంటుంది. ఇంక ఆ దిమ్మా ఆ బ్లేడూ ఒకదాన్నొకటి వదలవు, రెండూ కలిపి అవతల పారేసి కొత్తవి వేసుకోవాల్సిందే. ఎంత దండగ!"

"కోడి కాలికి ఏమైంది అన్నయ్యా?" అంది తమ్ముడి భార్య.

"ఏముంది, సన్న గీత పడింది."

"వేలైతే?"

"వేలైనా గీతే. అది కాదమ్మా విషయం! మనిషి చేతిమీద నమ్మకం లేనివాడికి అది. ఆగిపోయేది కూడా ఒక మిషనా? కాస్త తడి చెక్క పెట్టినా ఉలిక్కిపడి ఆగుతుంది. రేపు నువ్వు నల్లది నడుపుతున్నావని తెలిస్తే ఈ వీధిలో నీకు తలుపు పని ఎవరిస్తారు తమ్ముడూ? 'ఇతని చేయి వణుకుతుందట' అనరూ? నల్ల మిషను వద్దు. నా మాట విని పచ్చది తీసుకో."

తమ్ముడు తన కట్టు వైపు చూసుకున్నాడు, తర్వాత భార్య వైపు. "మేస్త్రి చెప్పేదీ ఆలోచించాలి," అన్నాడు మెల్లగా. "పోనీ పచ్చది చూద్దామా?"

ఆవిడ టీ గ్లాసు బల్లమీద పెట్టేసింది. సగం కూడా తాగలేదు. నాకు ఆవిడని చూస్తే జాలేసింది. మేస్త్రికి మాత్రం తన మాట నెగ్గిందని ఊపొచ్చింది.

"అసలు ఆ హాల్లో నేనేం చేశానో చెప్పనే లేదు. నల్ల కంపెనీ ఆయనతో అన్నాను, 'కోడి కాళ్ళెందుకయ్యా, ఇదిగో నా బొటనవేలు' అని. ఎర్రదాన్ని ఆన్ చేయించాను. దానికి దిమ్మా లేదు, గిమ్మా లేదు. చెక్క తోశాను, వేలు సరిగ్గా బ్లేడుకి ఎదురుగా పెట్టాను. హాల్లో ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. బ్లేడు చెక్కని కోసుకుంటూ వచ్చింది, వచ్చింది, నా వేలిని చూసింది. చూసి తటపటాయించింది తమ్ముడూ! వేలి చుట్టూ తిరిగి, అవతల పక్కకి పోయి, మళ్ళీ తన దారిన చెక్కలోకి దిగింది. ఆ పలకలో నా వేలి మందాన వంపు ఇప్పటికీ ఉంది, అద్దాల పెట్టెలో పెట్టారు. బ్లేడుకి కూడా మర్యాద తెలుస్తుంది, ఎవరి వేలో చూసుకుంటుంది."

అని బొటనవేలు ఎత్తి అందరికీ చూపించాడు. టీ కొట్టు దీపం కింద దానిమీద గోటి పక్కన తెల్లటి సన్న గీత ఒకటి కనిపించింది. నేనైతే అప్పుడు పట్టించుకోలేదు.

తమ్ముడి భార్య పట్టించుకుంది. "నిన్న మీ ఇంటికొచ్చాను అన్నయ్యా," అంది.

"మా ఇంటికా? ఎందుకూ?"

"చెక్కలు బిగించే మీ క్లాంపులు తిరిగిద్దామని. మీరు లేరు. షెడ్డు తలుపు తీసే ఉంది, వాటిని మిషను పక్కన పెట్టేశాను. ఆ పచ్చ మిషనుకి కాలి దగ్గర రంగు పెచ్చు లేచింది. కింద నల్లగా ఉంది."

నేను బల్లమీంచి లేచాను. "నా డబ్బా!"

"తుప్పు!" అన్నాడు మేస్త్రి. "ఇనుమన్నాక తుప్పు పట్టదూ?"

"తుప్పు నల్లగా నిగనిగలాడదు అన్నయ్యా," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "తర్వాత వదిన మంచినీళ్ళిస్తానని వంటింట్లోకి పిలిచింది. అక్కడ గరిటెల పక్కన మేకుకి ఒక బ్లేడు వేలాడుతోంది. దాని పళ్ళలో అల్యూమినియం దిమ్మ కరుచుకుని ఉంది. ఇదేంటి వదినా, పాడైపోయిన బ్లేడు వంటింట్లో పెట్టుకున్నావు, పారెయ్యకపోయావా అన్నాను. వదిన నవ్వలేదు. 'అది బ్లేడు కాదమ్మాయ్, మీ అన్నయ్య బొటనవేలు. పొద్దున్నే ఆయన టీ గ్లాసు అందుకుంటాడు చూడు, అప్పుడు ఆ చేతిని ఒకసారి చూస్తాను, దీన్ని ఒకసారి చూస్తాను, తర్వాత పనిలో పడతాను' అంది."

బాబాయ్ స్టవ్ తగ్గించాడు. మేస్త్రి ఎత్తిన బొటనవేలు ఎప్పుడు పిడికిట్లోకి వెళ్ళిందో మేం చూడలేదు. తమ్ముడు మాత్రం ఆయన్నే చూస్తున్నాడు, చిన్నపిల్లాడు చూసినట్టు. ఆయన ఏదో ఒకటి అంటే బాగుండునని నాక్కూడా అనిపించింది.

మేస్త్రి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి మూతి తుడుచుకున్నాడు.

"నేనింతసేపూ చెప్తున్నది అదే కదమ్మా! బ్లేడు నా వేలిని చూసి ఆగింది. ఆగిందా లేదా? మీ వదినే సాక్ష్యం."

"మరి ఆ దిమ్మ ఎందుకు కరిచినట్టు?" అన్నాడు బాబాయ్.

"బ్లేడు భయపడి కళ్ళు తిరిగి పడిపోతుంటే పట్టుకుంది. అందులో తప్పేముంది? అయితే ఒకటి తమ్ముడూ." ఇక్కడ గొంతు తగ్గించాడు, నేనెప్పుడూ ఆయన గొంతు అంత చిన్నగా వినలేదు. "నా వేళ్ళ సంగతి వేరు, పేరున్న వేళ్ళు. నీవి ఇంకా చిన్నవి, బ్లేడు గుర్తుపట్టదు. నువ్వు నల్లదే తీసుకో. వెళ్ళు, మూసేస్తాడు."

తమ్ముడు లేచాడు. ఆవిడ మిగిలిన టీ తాగేసి, "వస్తాం అన్నయ్యా," అంది, మామూలుగా, ఏమీ జరగనట్టే. వాళ్ళు వీధి మలుపు దాకా వెళ్ళారో లేదో మేస్త్రి బల్లెక్కి నిలబడి అరిచాడు.

"ఒక దిమ్మ అదనంగా తీసుకో తమ్ముడూ! మొదటిసారి ఆగినప్పుడు కాళ్ళు వణుకుతాయి, దుకాణం దాకా నడవలేవు! ఇంకోటి, ఎవరైనా అడిగితే పచ్చదని చెప్పు! రంగు పాలిష్ ఆయన ఇస్తాడు!"